ఈగల అట్టల కోసం బంగారుపాళ్యం

ఉదయం అయిదు నలభైకి తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను. ఏప్రిల్ ఎండలకు భయపడి మొదటి బస్సే పట్టుకున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది.

ప్రయాణానికి కారణం ముందే చెప్పాలి. చెరకులో పీక పురుగుకు మందు కొట్టకుండా, దాని గుడ్లలో తమ గుడ్లు పెట్టి చంపేసే నలుసంత ఈగలను వదిలే రైతులకు ఒక సంస్థ గ్రాంటు ఇస్తున్నదని విన్నాను. మా బామ్మర్ది మునిరత్నం, అతని ఊరి రైతుల తరఫున దరఖాస్తు నేనే రాశాను. తపాలా ఉద్యోగంలో తల నెరిసినవాణ్ణి, కాగితం రాయడం ఒక్కటే నాకు బాగా చేతనైన పని. గ్రాంటు మంజూరైంది. ఈగల గుడ్లు అంటించిన అట్టలను గురువారం పదకొండు గంటలకు బంగారుపాళ్యంలో సభ పెట్టి పంచుతామని ఉత్తరం వచ్చింది. ఇటువంటి గ్రాంటు కోసం ఆ దారిన వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

చంద్రగిరి దాటాక పక్క సీటాయన మాట కలిపాడు. బెల్లం గానుగ ఉన్న మనిషి. సంగతి విని పెద్దగా నవ్వాడు.

"ఈగలతో పురుగు సస్తాదా సామీ? అట్లయితే మా గానుగ కాడికి రమ్మను మీ సంస్థోళ్ళని. బస్తాలకు బస్తాలు పట్టిస్తా, ఊరికినే!"

ఇవి ఆ ఈగలు కావని చెప్పాను. ఆయన ఇంకా నవ్వాడు.

ఏడు యాభైకి చిత్తూరు. బస్టాండు ఎదుటి వీధిలో ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, లోపల తినకండి. ఎనిమిది ఇరవైకి పలమనేరు బస్సు. రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలు, కాయ ఇంకా పచ్చి. రసం ఫ్యాక్టరీల గేట్లు మూసే ఉన్నాయి. తొమ్మిది అయిదుకు బంగారుపాళ్యంలో దిగితే, మునిరత్నం మోపెడ్ మీద కూర్చునే ఉన్నాడు. ఇంటికి తీసుకుపోకుండా నేరుగా చెరకు తోటకు తీసుకుపోయాడు.

మోకాలెత్తు చెరకు. చాలా పిలకల్లో నడిమి మొవ్వు ఎండిపోయి గడ్డిరంగుకు తిరిగింది. మునిరత్నం ఒకటి పట్టి లాగాడు. కుళ్ళు వాసనతో చేతికి ఊడి వచ్చింది.

"సూడు బావా. నీ మాట మీద ఒక్క సుక్క మందు కొట్టలే. ఈ తోట పోతే ఈ ఏడు నాకు గానుగాడే పని లేదు."

"ఇవాళ అట్టలు కట్టేద్దాం కదా!"

"అవి సోమవారమే వచ్చినాయి. ఇమ్మని రెండుసార్లు పోయినా. ఇయ్యలే."

"ఎందుకని?"

"నువ్వు రాసిన కాగితంలోనే ఉండాదంట. పోయి అడుగు."

పదీ పావుకు సంస్థ వాళ్ళ కేంద్రానికి చేరాము. పర్యవేక్షకుడు మర్యాదస్థుడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. కుర్చీ వేశాడు, ఫైలు తీసి నా దరఖాస్తులో ఒక పేరా చూపించాడు. నా దస్తూరీయే. "అట్టలను ఏ రైతుకూ విడిగా ఇవ్వరాదు. సభ్యులందరి ఎదుట, సభలో, సంతకాలు తీసుకొని మాత్రమే ఇవ్వవలెను."

అంతకు ముందొకసారి ఆ ఊరికి వచ్చిన విత్తనాలను ఇద్దరు మోతుబరులు ముందు రోజే ఎత్తుకుపోయారు. మళ్ళీ అట్లా జరగరాదని రాశాను. రాసినప్పుడు గర్వపడ్డాను కూడా.

"ఈ షరతు మా పెద్దలకు శానా నచ్చింది సార్. ఇది చూసే మంజూరు చేసినారు."

"సోమవారమే సభ పెట్టలేకపోయారా?"

"సభకు పిలిచిన అతిథి గారికి ఈ రోజు తప్ప కుదరలేదు సార్."

"అట్టలు ఎక్కడున్నాయి?"

"భద్రంగా ఉండాయి సార్," అని గోడవార ఇనప బీరువా చూపించాడు. మధ్యాహ్నపు ఎండ పడే గోడ అది. వచ్చిన మరునాటికల్లా తోటలో కట్టాలని వాళ్ళ కరపత్రంలోనే ఉంది. తీసి చూడమన్నాను. సభలో తప్ప తీయడానికి లేదన్నాడు. మళ్ళీ నా పేరానే చూపించాడు.

అతిథి రెండూ పావుకు వచ్చారు. దండలు, ఫోటోలు. ఒక్కొక్క రైతు అట్ట ఎత్తి పట్టుకొని నవ్వాలి. మునిరత్నం నవ్వలేదు. తన అట్ట ఉన్న కవరు చించి అరచేతిలో దులిపాడు. మిరియాల పొడి వంటిది కొంచెం రాలింది. ఊదితే చెదిరిందే గాని ఎగరలేదు. కేంద్రం వాళ్ళ భూతద్దం పెట్టి అట్ట చూశాను. ప్రతి గుడ్డుకూ చిల్లి ఉంది. ఈగలు పుట్టాయి, కవరు దాటే దారి లేక చచ్చాయి.

రిజిస్టరులో "మంచి స్థితిలో అందినవి" అని ముందే రాసి ఉంది. కొట్టివేసి నిజం రాస్తానన్నాను. వెనక నుంచి ఒక ముసలి రైతు లేచాడు.

"నువ్వు రాసేసి తిరపతికి పోతావప్పా. మేము ఈడనే ఉండాల. మంచిగా లేవంటే రెండో విడత ఎవురిస్తారు?"

రెండో విడతనైనా వచ్చిన రోజే పంచమని పర్యవేక్షకుణ్ణి అడిగాను. షరతు మార్చాలంటే మంజూరు మళ్ళీ మొదటి నుంచి రావాలన్నాడు. అందరూ సంతకాలు పెట్టారు. చివరన సాక్షిగా నేను పెట్టాను.

నాలుగున్నర బస్సుకు మునిరత్నం దించాడు. బస్సు వచ్చేదాకా ఆగలేదు.

"అంగడి మూసేలోగా పురుగుమందు గుళికలు తెచ్చుకోవాల. మిగిలిందన్నా దక్కనీ."

"రెండో విడతకి..."

"వస్తే రానీ. నువ్వు మాత్రం ఇంకేమీ రాయొద్దు బావా, నీకో దండం," అని మోపెడ్ తిప్పుకున్నాడు.

చిత్తూరులో బస్సు మారాను. ఈ గ్రాంటు కోసం దరఖాస్తు రాసేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. అట్టలు వచ్చిన రోజే, ముందొచ్చినవాడి చేతికి ఇచ్చేయాలని రాయండి. ఎవడైనా నాలుగు ఎక్కువ పట్టుకుపోతే పోనివ్వండి. కనీసం అవి ఏదో ఒక తోటలో ఎగురుతాయి.

కాణిపాకం క్రాసులో ఎక్కిన ఒక పెద్దావిడ నా చేతిలోనే ఉండిపోయిన మునిరత్నం అట్టను చాలాసేపు చూసింది.

"ఏంది సామీ అది?"

"చెరకు పురుగును చంపే ఈగలమ్మా."

"ఈగలు యాడుండాయి?"

"బీరువాలో పెట్టి తాళం వేశారు. చచ్చిపోయాయి."

"అయ్యో! పురుగును సంపేటివి తెచ్చి బీరువాలో పెట్టమన్నోడు ఎవుడు సామీ?"

"నేనేనమ్మా," అన్నాను.

బస్సు తిరుపతి చేరేటప్పటికి ఏడున్నర.