కాలిన చెరుకుకు ముందు వరుస

కోటగిరి మండలంలో చెరుకు వేసిన వాళ్ళను ఎవరినడిగినా కాశయ్య పేరు చెబుతారు. ఆయన చదువు ఊరి బడిలో ఏడో తరగతితో ఆగింది. అయినా ఇరవై తొమ్మిది సీజన్లు చక్కెర ఫ్యాక్టరీకి ఫీల్డ్‌మన్‌గా పనిచేశాడు. ఎవరి చేను ఏ రోజు కొట్టాలో, ఏ కూలీల గుంపు ఎటు పోవాలో వరుస రాసేది ఆయనే. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు రెండుసార్లు కత్తులు కింద పడేసి తిరుగుదారి పట్టినప్పుడు లారీకి అడ్డం నిలబడి వెనక్కి తెచ్చింది కాశయ్య. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాలు అరవై దాకా తెంపాడు. ఒక్కటీ పోలీస్ స్టేషన్ దాకా పోలేదు. ఇవన్నీ ఆయన అడిగిన వాళ్ళకూ చెబుతాడు, అడగని వాళ్ళకూ చెబుతాడు.

ఆయన పద్ధతి ఒక్కటే. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే, ముందు వాళ్ళకు జరిగే నష్టం చెబుతాడు. తర్వాతే అడుగుతాడు. అందుకే ఆయన మాట మీద జనం సంతకాలు పెట్టారు, వరుసలు వదులుకున్నారు.

ఈ సీజన్ చివర్లో, ఒక సోమవారం పొద్దున, ఆ పద్ధతే ఆయన మెడకు చుట్టుకుంది.

శుక్రవారం సాయంత్రానికి ఫ్యాక్టరీలో గానుగ ఆగిపోతుంది. ఊళ్ళో ఇంకా రెండు చేలే మిగిలాయి. మొదటి వరుస విమలమ్మది, మూడెకరాలు. తర్వాతది రంజిత్‌ది, అదీ మూడెకరాలే. రంజిత్ కాశయ్యకు స్వయానా మేనల్లుడు, చెల్లెలు గంగమణి కొడుకు. కూలీలకు మిగిలినవి నాలుగు రోజులు. రోజుకు ఎకరం తెగుతుంది. ఎవరు రెండోవాళ్ళైతే వాళ్ళకు ఎకరమే తెగుతుంది, రెండెకరాలు నిలబడిపోతాయి.

ఆదివారం సాయంత్రం రంజిత్ చేను కాలిపోయింది.

ప్రమాదంలో కాలిన చెరుకును ముందు కొట్టాలని ఫ్యాక్టరీ నియమం. ఆలస్యమైతే గడలో రసం ఇగిరిపోయి తూకం పడిపోతుంది. కాశయ్య పొద్దున్నే చేను చుట్టూ తిరిగాడు. పైన కరెంటు తీగ లేదు. పక్క చేనుకు మంట అంటకుండా గట్టు వెంట రెండు బారల వెడల్పున ఎండుటాకు ముందే ఊడ్చి ఉంది. నిప్పు నాలుగు మూలలా ఒకేసారి లేచింది.

"ఏందిరా ఇది?" అన్నాడు.

రంజిత్ తల వంచుకున్నాడు. "మామా, నువ్వు వరుస మార్చవని నాకెరుక. నాకు వేరే తొవ్వ దొరకలే."

అప్పుడే ఫ్యాక్టరీ కేన్ ఆఫీసర్ ఫోన్ వచ్చింది. "కాశయ్యా, కరెంటు తీగల వల్ల కాలిందని రిపోర్ట్ రాసి పంపు. కాలింది మిగిలితే పైనోళ్ళు నన్ను అడుగుతరు. రేపటి నుంచి కూలీల టోళీని అటు మళ్ళించు. విమలమ్మకు నువ్వే చెప్పు. గానుగ వచ్చే బుధవారం దాకా నడుస్తదను. నువ్వు చెబితే నమ్ముతది."

"శుక్రవారం ఆగుతదని మీరే అన్నరు గద సార్."

"గందుకే నిన్ను చెప్పుమంటున్న. కాదంటే వచ్చే సీజన్‌కు వేరే ఫీల్డ్‌మన్‌ను చూస్త."

పక్కనే గంగమణి నిలబడి ఉంది. అన్న ముఖం వంకే చూస్తోంది. ఒక్క అబద్ధం చాలు, చెల్లెలి చేను గట్టెక్కుతుంది, తన నౌకరీ నిలబడుతుంది. విమలమ్మ నమ్ముతుందని కాశయ్యకు తెలుసు. ఆమె నమ్ముతుందన్నదే ఆయనను ఆపింది.

మేనల్లుడిని బండి వెనక ఎక్కించుకుని విమలమ్మ ఇంటికి పోయాడు. భర్త పోయాక ఆరేళ్ళుగా ఆమె ఒక్కతే సేద్యం చేస్తోంది. వాకిట్లో మక్కజొన్నలు ఆరబోస్తూ లేచింది.

"రేపు పొద్దుగాల టోళీ వస్తది గదా అన్నా? ట్రాక్టర్లకు తొవ్వ గూడ సాపు చేయించిన."

"విమలక్కా, ముందుగాల నీకయ్యే నష్టం ఏందో చెప్త. గానుగ శుక్రవారం బంద్. నువ్వు వరుస వదిలితే నీయి రెండెకరాలు నిలబడిపోతయి. వీని చేను ప్రమాదంల కాలలే. వీడే అంటిచ్చిండు. ఇప్పుడు అడుగుతున్న, వదులుతవా?"

విమలమ్మ రంజిత్‌ను ఎగాదిగా చూసింది. "నీ అల్లుడని అడుగుతున్నవా?"

"అల్లుడని అడుగుతున్న. అల్లుడని దాచలే."

"గంత సక్కగ చెప్పినంక ఎట్ల వదులుతనన్నా? నాదిగూడ కష్టమే గద. వదల."

ఇరవై తొమ్మిదేళ్ళలో కాశయ్యకు మొహం మీద 'వదల' అన్న మనిషి ఈమే. కోపం రాలేదు. ఆమె స్థానంలో తానున్నా అదే అనేవాడు.

"మంచిది. ఇంకోటి అడుగుత. మాది మేమే కోసుకుంటం. సాయంత్రం నీ లోడు ఎళ్ళినంక ట్రాక్టర్ ఖాళీగుంటే మాకియ్యి."

"ఖాళీగుంటే నాకెందుకు? తీస్కపోర్రి."

ఆఫీసర్‌కు ఫోన్‌లో సంగతి చెప్పాడు. ఆయన నమ్మలేదు. "నువ్వు చెబితే ఒప్పుకోకపోవుడేంది? ఏం చెప్పినవ్ అసలు?"

"ఉన్నది చెప్పిన సార్. రిపోర్ట్‌ల గూడ ఉన్నదే రాసిన."

ఫోన్ కట్టయింది.

మంగళవారం పొద్దున కూలీలు విమలమ్మ చేలో దిగారు. అదే సమయానికి కాలిన చేలో కత్తి పట్టుకుని దిగింది ముగ్గురు: రంజిత్, గంగమణి, అరవై రెండేళ్ళ కాశయ్య. మసికి ముఖాలు గుర్తుపట్టరాకుండా అయ్యాయి. కూలీల మేస్త్రీ, ముకద్దం దత్తా గట్టు మీద నుంచి చూసి నవ్వాడు.

"కాకా, వరుస రాసే చేతికి కత్తి వట్టుడు వస్తదా?"

"నీకు నేర్పినోనికి నేర్పినరా నేను. పో, పని చూసుకో."

ఆ మాట అన్నాడే గాని, రెండోనాటికి నడుము లేవలేదు. దినామూ పొద్దుగూకే వేళ ఒక ట్రాక్టర్ వచ్చేది. విమలమ్మ మాట తప్పలేదు. శుక్రవారం కూలీలు కూడా ఇటు వచ్చి చేతనైనంత కొట్టారు. అయినా సాయంత్రం గానుగ ఆగే వేళకు ఎకరం నల్లగా అలాగే నిలబడి ఉంది. పంపిన లోడ్లకు కూడా అంటించిన చెరుకని తూకంలో కోత పడింది.

శనివారం గంగమణి గట్టు మీద సద్ది విప్పి, అన్నకు పెట్టింది. తను తినలేదు.

"ఊరందరికి నీ మాట పనికొచ్చె అన్నా. నా ఇంటికే రాకపాయె."

కాశయ్య రంజిత్‌ను చూశాడు. వాడు చూపు తిప్పుకున్నాడు.

నిలబడిన ఎకరాన్ని ఇక ఏ ఫ్యాక్టరీ కొనదు. అయినా కొట్టి పడేస్తేనే వచ్చే ఏటి పంటకు మోళ్ళు చిగురేస్తాయి. కాశయ్య చేయి కడుక్కున్నాడు. ఎవరికీ అక్కరలేని ఆ చెరుకులోకి దిగి, మొదటి గడను నేలకు ఆనించి నరికాడు. కాసేపటికి వెనక మరో కత్తి చప్పుడు వినిపించింది. అది చెల్లెలిదో అల్లుడిదో తిరిగి చూడలేదు.