బోణీ కాకుండా లేవని రోగి

కర్నూలులో నెలకోసారి గుండెపోటు తెచ్చుకునే మనిషిని నేనొక్కణ్ణే. కంగారు పడకండి, అది ఉత్తుత్తి గుండెపోటు. పాతబస్తీలో ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుకునేవాణ్ణి, నాకు ఈ వేషం ఎట్లా దక్కిందో ముందు చెప్పాలి. మూడేళ్ల కిందట నాకు నిజంగానే పోటు వచ్చింది. స్టెంటు వేసి పంపించారు. ఆ తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని నా పోటు కథ పక్కవాళ్లకు చెప్పేవాణ్ణి. చెమటలు ఎట్లా పట్టాయో, దవడ ఎట్లా లాగిందో చేసి చూపిస్తుంటే, జనం తమ పేరు పిలిచినా లేచేవాళ్లు కాదు. ఒకరోజు డాక్టరమ్మ తలుపు తీసుకుని నిలబడి అంతా వింది. చిన్న ఆసుపత్రుల నర్సులకు తాను గుండెజబ్బుల మీద శిక్షణ ఇస్తున్నానని, రోగి వేషం వేసే మనిషి కావాలని, వస్తావా అని అడిగింది. ఆమెది వేంపల్లె వైపు, మొహమాటం ఎరగని మనిషి. జీతం లేదు, మధ్యాహ్నం ఉప్పు తక్కువ భోజనం మాత్రం పెడతామంది. నాకు చూసే జనం ఉంటే చాలు, ఒప్పేసుకున్నాను.

శిక్షణ మూడు రోజులు. పెద్ద హాలు, మధ్యలో మంచం, పక్కన ఈసీజీ యంత్రం. నేను ఛాతీ పట్టుకుని లోపలికి వస్తాను. నర్సు నన్ను పడుకోబెట్టాలి, నొప్పి సంగతి అడగాలి, పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి ఆ కాగితం ఫొటోను ఫోనులో పెద్దాసుపత్రికి పంపాలి, మాత్ర నమిలించాలి. మాత్రకు బదులు నాకు చప్పరించే బిళ్ల ఇస్తారు. చల్లని జిగురు పూసి రబ్బరు బుడ్డలు ఛాతీకి అంటించి పీకీ పీకీ, నాకున్న నాలుగు వెంట్రుకలూ ఊడిపోయాయి. దానికి మాత్రం ఎవరూ పూచీ పడలేదు.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంలో ఒక మెలిక ఉంది. రోగి మధ్యలో లేచి పోతానంటాడు, నర్సు ఆపాలి. ఎందుకు పోతానంటాడో ఆమె రాయలేదు. అది నేను చేర్చుకున్నదే, అది కూడా నాకు జరిగిందే. ఆ రోజు పొద్దున ఏడింటికి కొట్టు తెరిచి, ఊదుబత్తి వెలిగించి, గల్లాపెట్టెకు దండం పెట్టుకుని కూర్చున్నానో లేదో నొప్పి మొదలైంది. గ్యాసనుకున్నాను. మా వైపు ఛాతీలో ఏది కదిలినా గ్యాసే. సోడా తాగాను. పక్క కొట్టాయన ఆసుపత్రికి పోదాం రమ్మన్నాడు. బోణీ కాకుండా కొట్టు దిగేదెట్లా? బోణీ ముందు లేచినవాడికి ఆ ఏడాదంతా గిట్టదని మా నాయన చెప్పి పెట్టిన మాట. ఒకడు ధర అడిగి పోయాడు. ఇంకొకడు చిల్లర కోసం వచ్చాడు. చివరికి పది గంటలప్పుడు ఒకామె అర్ధకిలో బెల్లం కొన్నది. డబ్బు కళ్లకద్దుకుని లేచాను, లేచినవాణ్ణి లేచినట్టే పడిపోయాను.

అందుకని నా వేషంలోనూ అదే పెట్టాను. మంచం మీద కూర్చోబెట్టగానే, బోణీ కాలేదని, అయ్యాక వస్తానని లేచి తలుపు వైపు నడుస్తాను. గడప దాటానంటే నర్సు తప్పినట్టు. కల్లూరు నుంచి వచ్చిన ఒకామె అయితే చెయ్యి అడ్డం పెట్టి, నువ్వు పోతే రేపటి బోణీ నీ కొడుకు చేసుకుంటాడులే, పడుకో అంది. హాలంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది గానీ, నోరు మూసుకుని పడుకున్నాను.

మొన్న ఎండాకాలం బ్యాచీలో ఆత్మకూరు అవతలి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నల్లమల అంచున చిన్న ఆసుపత్రి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రావాలంటే గంటకు పైగా బస్సులో కుదుపులు తినాలి. అమ్మాయి చేతి ఒడుపు చూసి తీరాలి. ఏ తీగ ఎక్కడ పెట్టాలో కళ్లు మూసుకుని పెట్టేది, నాకు నొప్పి తెలియకుండా తీసేది. కాని మొదటి రోజు నేను బోణీ మాట ఎత్తగానే చేతులు కట్టుకుని, "సరే పెద్దనాయనా, అయినాక రాండి" అంది. డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. రెండో రోజు ఇంకా ఘోరం. బతిమాలుతూ నా వెంట తలుపుదాకా వచ్చి, పెద్దవాణ్ణి కదా అని, తలుపు తానే తీసి పట్టుకుంది.

డాక్టరమ్మ అందరి ముందే చెప్పేసింది. రేపు కూడా రోగిని వదిలేస్తే వాళ్ల ఆసుపత్రికి రావలసిన ఈసీజీ యంత్రం ఇంకో ఊరికి పోతుందని, మనిషిని ఆపలేని చోట యంత్రం పెట్టి ఏం లాభమని. అమ్మాయి ముఖం మాడిపోయింది. మధ్యాహ్నం ఆ చప్పిడి సాంబారు ముందు ఒక్కతే కూర్చుంటే నేను పోయి పక్కన కూర్చున్నాను. గట్టిగా కసురుకో, నేను ఆగిపోతానని నేర్పించబోయాను.

"మా నాయనదీ అంగడే పెద్దనాయనా," అంది. "బోణీ కాకముందు లేసి రాప్పా అని పెద్దోళ్లతో చెప్పేకి నాకు నోరు రాదు."

ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. రేపు ఈ పిల్లను ఎట్లాగైనా గట్టెక్కించాలి, రెండడుగులు వేసి కళ్లు తిరిగినట్టు మంచం మీదే వాలిపోదామని అనుకున్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో, సాయంత్రం డాక్టరమ్మ మెట్ల దగ్గర పట్టుకుంది.

"అన్నా, నువ్వు ఈడ జాలిపడి పండుకుంటే, రేపు ఆడ ఇంకొకడు లేసి ఇంటికి పోయి సస్తాడు."

మూడో రోజు అందుకే నా శక్తి అంతా పెట్టి నటించాను. దవడ పట్టుకున్నాను, మూలిగాను, ఎడమ చెయ్యి వేలాడేశాను. అమ్మాయి కూర్చోబెట్టగానే లేచాను. బోణీ కాలేదన్నాను. ఆమె అడ్డం రాలేదు. అయిపోయిందిరా దేవుడా అనుకుంటూ తలుపు దాకా నడిచాను. అప్పుడు ఆ అమ్మాయి గబగబా నా ముందుకు వచ్చి, కోటు జేబులో నుంచి పది రూపాయల నోటు తీసి నా చేతిలో పెట్టింది.

"పది రూపాయలకు చక్కెర ఇయ్యండి పెద్దనాయనా. సరుకు రేపు తీసుకుంటా. బోణీ అయిపాయ, ఇంగ పండుకోండి."

నా కాగితంలో దీనికి సమాధానం లేదు. నా ప్రమేయం లేకుండానే నా చెయ్యి ఆ నోటును కళ్లకద్దింది. పోయి మంచం మీద పడుకున్నాను. పడుకున్నాక ఏడుపు ముంచుకొచ్చింది. ఆ రోజు నేను మూడు గంటలు నొప్పితో కూర్చున్నాను. పక్క కొట్టాయన ఉన్నాడు, దారిన పోయేవాళ్లు ఉన్నారు, మా ఆవిడ రెండుసార్లు ఫోను చేసింది. ఒక అగ్గిపెట్టె కొని బోణీ చేస్తే సరిపోతుందని ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆ మూడు గంటల్లోనే నా గుండెలో ఒక భాగం చచ్చిపోయిందని అప్పట్లో డాక్టరమ్మ చెప్పింది.

అమ్మాయి మాత్రం ఆగలేదు. నొప్పి ఎప్పటి నుంచి, ఎటు లాగుతోంది, షుగరుందా, బీపీ ఉందా అని వరసగా అడుగుతూ, మందులేమైనా వాడుతున్నారా అంది. కాగితం ప్రకారం, ఎప్పుడూ వాడలేదనాలి. ప్రతి బ్యాచీలోనూ అదే చెప్పాను. ఆ నోటు ఇంకా పిడికిట్లో ఉన్నందుకో ఏమో, కాగితం మరిచిపోయాను.

"వాడుతాంటి పాపా," అన్నాను. "మానేసి రెండు నెల్లాయ."

హాల్లో కొందరు నవ్వారు, నేనేదో కొత్త మాట కలిపాననుకుని. డాక్టరమ్మ నవ్వలేదు. నా కాగితంలో ఏముందో తెలియని అమ్మాయి, ఎందుకు మానేశారని అడిగింది. ఆ మాత్రలకు నెత్తురు పలచబడి, గడ్డం గీసుకుంటే చిన్న గాటుకే ఆగడం లేదని, మనిషి గుండ్రాయిలా ఉంటే ఇన్ని మందులెందుకని మానేశానని చెప్పాను. చెబుతుంటేనే సిగ్గేసింది. నెలనెలా నర్సులకు పాఠం చెప్పే రోగిని నేను!

డాక్టరమ్మ మంచం దగ్గరకు వచ్చింది. అమ్మాయితో, నువ్వు పాసు, యంత్రం మీ ఊరికే అంది. నన్ను లేవొద్దంది. ఈసారి నిజం ఈసీజీ తీయమని అమ్మాయికే చెప్పింది. అదే జిగురు, అవే బుడ్డలు. కాని ఈసారి భయపడ్డాను, ప్రాణభయం. ఈసీజీ కాగితం బయటికి వచ్చింది. డాక్టరమ్మ దాన్ని నా పాత ఈసీజీతో పోల్చి చూసి, కొత్తగా ఏమీ లేదంది. ఆ తర్వాత నా వయసు కూడా చూడకుండా తిట్టింది. పడ్డాను. మాత్రలు ఆ రోజు నుంచే మళ్లీ మొదలుపెట్టించింది.

నేను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అమ్మాయి వచ్చి, మాత్రలు మానేసిన సంగతి మా ఇంట్లో తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. నా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీరే చెప్పల్ల పెద్దనాయనా. నేను ఈడనే ఉంటా."

అన్ని బ్యాచీల ముందు అన్ని మాటలు చెప్పినవాణ్ణి, మా ఆవిడకు ఆ ఒక్క మాట చెప్పడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. చెప్పాను. రోజూ పొద్దున్నే మాత్ర తీసి, నీళ్ల గ్లాసుతో నా అరచేతిలో పెట్టేది ఆమే.

"మరి దినామూ నా చేతి నుంచి తీసుకునింది ఏం చేస్తివి?" అని అడిగింది.

ఆమె వంటింట్లోకి తిరగగానే కిటికీలోంచి పారేసేవాణ్ణని చెప్పడానికి నాకు నోరు రాలేదు.