మూరన్నర గోడ, మూడు కంప్యూటర్లు

ఆ రోజుల్లో అంటే మరీ వెనకటి మాటేమీ కాదు, ఆరేడేళ్ళు అయి ఉంటుంది. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరింటి పిల్లవాడో అనిపిస్తాడు. ఇంటర్నెట్టు సంగతి రెండు ముక్కలు తెలిసినవాడు వీధికొకడు ఉండేవాడు. మార్కాపురంలో మా వీధికి ఆ ఒకడిని నేను. ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. నేను గంభీరంగా దాన్ని ఆపి, మళ్ళీ వెలిగించి ఇచ్చేవాణ్ణి. చాలాసార్లు అంతటితోనే బాగయ్యేది (బాగుకాకపోతే ఫోను పాతబడిపోయిందని తేల్చేసేవాణ్ణి). అలా నాకు దక్కిన పేరును నేనే అందరికంటే ఎక్కువగా నమ్మాను. వచ్చిన చిక్కంతా అక్కడే.

మా ఇల్లు నాయన స్వయంగా కట్టుకున్నది. పలకల క్వారీలో ముప్ఫై ఏళ్ళు రాయి కొట్టిన మనిషి కాబట్టి ఇల్లు కూడా రాయితోనే కట్టాడు. గోడలు మూరన్నర మందం. ముందుగదిలో రౌటరు, నా కంప్యూటరు, చెల్లి కంప్యూటరు ఉండేవి. లోపలి గదిలో అక్కది. రెండు గదులకూ మధ్య గోడ ఒకటే గాని తలుపు లేదు. ఒక గదిలోంచి రెండో గదిలోకి పోవాలంటే బయటికొచ్చి, పక్క వసారా చుట్టి, పెరటివైపు నుంచి పోవాలి. మూడు కంప్యూటర్లూ ఒక్కసారి నడిచాయంటే, ఆ గోడ దాటి అక్కకు నెట్టు అందించలేక రౌటరు ఊపిరి ఆగిపోయేది. నా ఆఫీసు మీటింగులో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినపడేది. అక్క చూసే పాఠంలో మాస్టారు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయేవాడు. అందరికంటే చెల్లి కష్టం పెద్దది. ఆమె డిగ్రీ చదువుతూ తుపాకీల ఆట ఆడేది. గిద్దలూరు, దొనకొండ కుర్రాళ్ళు ముగ్గురు ఆమె జట్టు. సరిగ్గా శత్రువు ఎదురైన క్షణంలో నెట్టు ఆగి ఆమె సిపాయి చెట్టులా నిలబడిపోయేవాడు. ఆ తర్వాత మా ఇంట్లో వినపడే మాటలు అమ్మ ప్రార్థన చేసుకునే ఇంటికి తగినవి కావు.

గోడకు చిన్న రంధ్రం పెట్టి లోపలికి వైరు లాగుదామని నేను వైరు కూడా తెచ్చాను. నాయన ఒప్పుకోలేదు. "గాల్లో వచ్చేదానికి బొక్క ఎందుకురా? రేపు వానొస్తే నీళ్ళు దిగేది నా గోడలోకి," అన్నాడు. సరే, గోడను దాటగలిగే రౌటరే తెస్తానని పంతం పట్టి, నాలుగు కొమ్ములున్న కొత్తది తెప్పించాను. దాని అట్టపెట్టె మీద ఒక ఇల్లు, ఆ ఇంటి గోడలన్నిటినీ దాటుకుంటూ పోతున్న నీలిరంగు గీతలు ఉన్నాయి. ఆ బొమ్మ గీసినవాడు మార్కాపురం గోడ చూసి ఉండడని నాకు తట్టలేదు.

అది వచ్చింది శుక్రవారం సాయంత్రం. శనివారం పదకొండు గంటలకు అక్కకు ఉద్యోగం పరీక్ష. ఇంటి నుంచే పని చేసుకునే ఉద్యోగం, రెండేళ్ళుగా ఆమె కాచుకుని ఉన్న అవకాశం. ఒంటరిగా గదిలో కూర్చుని, తలుపు మూసుకుని, కెమెరా ముందు రాయాలి. మధ్యలో నెట్టు పోతే పరీక్ష పోయినట్టే. ముందుగదిలో రాద్దామంటే ఎదురుగా పిండిమిల్లు, దాని హోరు. ఫోను సిగ్నలా, లోపలి గదిలో ఒక్క గీత కూడా నిలవదు. అదే పదకొండింటికి చెల్లి జట్టుకు పోటీలో సెమీఫైనలు. "పరీక్ష అయినాక పెట్టుకోరా, అందాకా పాతదే ఉండనీ," అని అక్క మెల్లగానే చెప్పింది. అరగంట పని అన్నాను. పాతదానితో నిన్న నమూనా పరీక్ష రెండుసార్లు తెగిపోలేదా అని ఎదురు అడిగాను కూడా.

పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాను. కొత్తదాన్ని తగిలించాను, వెలిగింది, నెట్టు రాలేదు. ఆపి వెలిగించాను. రాలేదు. నా విద్య అక్కడితో అయిపోయింది. అప్పుడు రౌటరు వెనక సూది పట్టేంత రంధ్రం కనిపించింది. దాన్ని పిన్నుతో నొక్కితే అన్నీ సర్దుకుంటాయని ఎక్కడో విన్నాను. కొత్తదాన్ని నొక్కాను. ఏమీ కాలేదు. పోనీ పాతదాన్ని మళ్ళీ పెడదామనుకుని, పెట్టేముందు (ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు) దాన్ని కూడా నొక్కాను. అలా నొక్కితే కేబుల్ వాళ్ళు లోపల రాసిపెట్టిన పేరు, పాస్‌వర్డు తుడిచిపెట్టుకుపోతాయని, అవి లేకుండా లైను తెరుచుకోదని తెలిసేసరికి పదింబావు అయింది. చెల్లి నా వెనకే నిలబడి ఉంది. తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

కేబుల్ నడిపే ఆయన్ను వీధి అంతా మామ అనేది. మూడోసారికి ఫోను ఎత్తాడు. కొనకనమిట్ల దారిలో స్తంభం ఎక్కి ఉన్నాడట. జరిగింది చెప్పాను.

"రెండిటినీ నొక్కినావా అల్లుడా?"

"రెండిటినీ మామా."

"ఒకదాన్నన్నా వదిలిపెట్టి ఉంటే బాగుండు," అని, అందరి పాస్‌వర్డులూ రాసిన పుస్తకం ఇంట్లో ఉంది, మీ అత్తను అడుగు అన్నాడు. అత్త పుస్తకం వెతకడానికి పది నిమిషాలు, కళ్ళజోడు వెతకడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఒక్కొక్క అక్షరం ఫోనులో చెబుతూ మధ్యలో ఒకచోట ఆగింది. "ఇది గుండ్రంగా ఉంది నాయనా. సున్నానో అక్షరమో మీ మామకే తెలవాల," అంది. సున్నా అని కొట్టాను, తప్పన్నది. అక్షరం కొట్టాను, తప్పన్నది. గుండ్రటివి రెండు ఉన్నాయని, ఒకటి సున్నా, ఒకటి అక్షరమని తేలేసరికి నా చొక్కా తడిసిపోయింది. పది నలభైకి కొత్త రౌటరులో పచ్చదీపం వెలిగింది.

పరుగున వసారా చుట్టి లోపలి గదికి పోయాను. అక్క తెర ముందు కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. తెర మీద ఒక గీత వస్తోంది, పోతోంది. నాలుగు కొమ్ములున్న కొత్తదీ గోడ ముందు పాతదానిలాగే ఆగిపోయింది. వైరును వసారా చుట్టూ తిప్పి చూశాను. రెండు బారలు తక్కువైంది. అమ్మ గుమ్మం దగ్గర కళ్ళు మూసుకుని నిలబడింది. "ప్రభువా, బిడ్డ బతుకు వీడి చేతుల్లోనించి తీసి నీ చేతుల్లో పెట్టుకో," అని మెల్లగా అనుకోవడం నాకు స్పష్టంగా వినిపించింది.

అప్పుడు వచ్చినాడు నాయన, బజారు నుంచి. అక్క మొహం చూశాడు, నా చేతిలోని వైరు చూశాడు. సంచి కింద పెట్టి పెరట్లోకి పోయి, క్వారీలో రాతికి తూటు వేసే పొడుగాటి ఇనుప కడ్డీ, సమ్మెట తెచ్చాడు. ముందుగదిలో మోకాళ్ళ మీద కూర్చుని గోడను అరచేత్తో తడిమి, వేళ్ళతో రెండుమూడు చోట్ల తట్టి ఒకచోట ఆగాడు.

"ఈడ రెండు రాళ్ళు కలవలేదు, అప్పుడు సున్నం కూరినా," అన్నాడు. "అవతలున్న పాపను పక్కకు జరగమను."

ఇరవై ఏళ్ళ కింద పెట్టిన రాళ్ళ సందు ఆయన వేళ్ళకు గుర్తుంది. సమ్మెట దెబ్బకు సున్నం పొడి రాలింది. ఒక్కో దెబ్బకూ ఆయన పళ్ళు బిగించడం చూశాను. అది శ్రమకు కాదు. పది యాభై మూడుకు కడ్డీ మొన అవతల తేలింది. వైరు దూర్చాను. దాని మూతి పట్టలేదు. నాయన నా వంక ఒక్క చూపు చూసి, కడ్డీని గుండ్రంగా తిప్పి తూటు పెద్దది చేశాడు. అవతల నుంచి అక్క వైరు కొస పట్టుకుని లాగింది. పది యాభై ఎనిమిదికి "వచ్చింది" అన్న ఆమె గొంతు ఆ తూటులోంచే వినిపించింది. తలుపు మూసుకుంది.

ఇక మాట పైకి రాకూడదు, అక్క గదిలో వేరే గొంతు వినపడితే పరీక్ష రద్దు. తూటు చుట్టూ గుడ్డ కుక్కాను గాని ధైర్యం చాలలేదు. ఎప్పుడూ కేకలతో జట్టును నడిపే చెల్లి ఆ రోజు దుప్పటి ముసుగేసుకుని గుసగుసగా ఆడింది. నెట్టు ఆగలేదు, సిపాయి చెట్టు కాలేదు. కానీ "వెనకమాల ఉన్నాడు" అన్న ఆమె గుసగుస దొనకొండ కుర్రాడికి అందలేదు. ఓడిపోయారు. ఆమె పెట్టుకున్న మగపేరు, కావాలని బొంగురు చేసిన కేకలు నమ్మి అన్నా అని పిలిచే ఆ ముగ్గురూ, అన్నకు జ్వరమొచ్చి గొంతు పోయిందని జాలిపడ్డారట. అక్క మాత్రం గంటన్నర తర్వాత తలుపు తీసి, మంచినీళ్ళు తాగి, రాసినా అంది. నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. చెల్లి నాతో వారం రోజులు మాట్లాడలేదు, అది న్యాయమే.

ఆ సాయంత్రం నాయన వసారాలో కూర్చుని నన్ను పిలిచాడు. తిడతాడనుకుని వెళ్ళాను. "ఆ వైరులో పోయేదేందిరా? కరెంటా, మాటలా?" అని అడిగాడు. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఇంగ్లీషు మాటలన్నీ వాడాను, చేతులు తిప్పాను, నేల మీద గీతలు గీశాను. ఆయన అడ్డు రాకుండా అంతా విని, చివరికి చాలా మర్యాదగా, "అయితే నీకూ తెలవదు," అన్నాడు.

అప్పుడు రోషం వచ్చింది. చదువు లేని మనిషికి అర్థం కాలేదని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఒంగోలులో ఒక ఆఫీసుకు నెట్టు చూసిపెట్టే ఉద్యోగం నాది. మొన్న నాయన ఫోను చేసినప్పుడు, ఆ వైరు మాట ఇప్పుడు చెప్పమంటావా నాయనా అని అడిగాను. ఏ మాట అన్నాడు. ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. అయినా చెప్పాను, ఆయనకు తెలియని ఇంగ్లీషు ముక్క లేకుండా, నాలుగే నాలుగు మాటల్లో: కరెంటే మాటలను మోసుకుని పోతుంది. "అంతేనా," అన్నాడు. అంతే నాయనా అన్నాను. నేల మీద గీతలు గీస్తూ చెమటలు కక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని, ఫోను పెట్టేశాక కాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను.