పళ్లెం చుట్టూ పేర్లు

రియాద్‌లోని సులైలో ఒక గోదాములో నేను ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. బడి పదో తరగతితో ఆగింది. తర్వాతదంతా లైబ్రరీలు నేర్పిన చదువే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే. సెలవు దొరికితే మెట్రో ఎక్కి రియాద్ లైబ్రరీకి పోతాను. ఇంగ్లీషులోకి వచ్చిన కొరియా నవలలు అక్కడే దొరికాయి.

మన దిక్కు కథల్లో దొర మీద తిరగబడ్డవాడు ఒంటరిగా అడవి బాట పడతాడు, చివరికి నమ్మినవాడే పట్టిస్తాడు. ఈ ఎడారి పాత కథల్లో తెగ వెలివేసినవాడు దోచిన ఒంటెను కోసి ఆకలిగొన్నవాళ్లకు పంచుతాడు. నేను చదివిన కొరియా దొంగలు మాత్రం రాజు చట్టాన్నే రాజు ముందు పెట్టి, దీన్ని నడిపించు అంటారు. ఒక నవలలో రైతులు కాగితం మీద గిన్నె బోర్లించి, దాని అంచు చుట్టూ పేర్లు రాస్తారు. మొదటి పేరు ఏదో తెలియదు కాబట్టి నాయకుడు దొరకడు.

ఎండాకాలం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. మా యార్డులో మాత్రం ఆ వేళకే లారీలు దింపిస్తున్నారు. మా గదిలోని పెద్దాయన, జగిత్యాల మనిషి, రెండుసార్లు పడిపోయాడు. మూడోసారి పడితే లేవడేమోనని నా భయం.

ఆ మూడు గంటలు పని ఆపమని ఆఫీసుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. కింద అన్నం పళ్లెం బోర్లించి గీత గీశాను.

"ఏందిరా ఇది? బతుకమ్మ ఆడుతున్నమా?" అన్నాడు పెద్దాయన.

అందరూ నవ్వారు. నవ్వుతూనే యార్డువాళ్లం పద్నాలుగు మందిమీ ఆ గీత చుట్టూ పేర్లు రాశాం.

ఉత్తరం ఇచ్చిన రెండు రోజులకు ముదీర్, అంటే మా మేనేజరు, మమ్మల్ని తన ఆఫీసుకు పిలిచాడు. "ముందు రాసిందెవడు?" అన్నాడు హిందీలో.

"గుండ్రంగా ఉండేదానికి మొదలెక్కడుంటది సార్?" అన్నాడు పెద్దాయన, తన వచ్చీరాని హిందీలో.

ముదీర్ నవ్వలేదు. కాగితం వైపు, తర్వాత నా వైపు చూశాడు. మాలో ఇంగ్లీషు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. పుస్తకంలోని ఉపాయం తెచ్చాను గానీ చేతిరాత సంగతి మరిచాను. తలచుకుంటే రేపే ఎగ్జిట్ వీసా కొట్టి నన్ను ఇంటికి పంపగలడు.

"రాసింది నేనే," అన్నాను. "అడిగేది పద్నాలుగు మందిమి. కొత్తదేమీ కాదు, మీ చట్టమే."

"పోయి పని చూసుకోండి," అన్నాడు. అంతే.

మర్నాడు పన్నెండుకు లారీ వచ్చి ఆగింది. ఫోర్‌మన్ కేకేశాడు. మేమంతా షెడ్డు నీడలో కూర్చున్నాం. అలవాటు కొద్దీ లేవబోయిన పెద్దాయనను భుజం పట్టి కూర్చోబెట్టాను. మూడు దాకా ఎవరం కదల్లేదు.

నా ఎగ్జిట్ సంగతి ఇంకా తేలలేదు. ఈ రోజు కూడా పన్నెండుకే కూర్చున్నాం.