తోలేవాడు లేని జీపు

ఇది చదివాక మీరు నా ముఖం చూసి నవ్వకుండా ఉండలేరు. అయినా చెబుతున్నాను. ఒక జీపు, ఒక చొప్పవామి, మా నాయన గొంతు, ఈ మూడింటినీ ఒకే తెల్లవారుజామున పాడుచేసిన ఘనుణ్ణి నేను. మధ్యలో మీకు కాస్త భయం వేయవచ్చు. వేస్తే వెనక్కి తిరిగి చూడకండి. ఆ రోజు నేనూ చూడలేదు, అందుకే వ్యవహారం అంత దూరం వెళ్ళింది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నేను నంద్యాలలో హాస్టల్లో ఉండి చదువుకునేవాణ్ణి. పదిహేడు దాటింది, పద్దెనిమిది నిండలేదు. స్కూల్లో వక్తృత్వ పోటీ పెట్టారు. మోటారు నడిపే వయసును పద్దెనిమిది నుంచి ఇరవై అయిదుకు పెంచాలా, వద్దా అన్నది విషయం. నాది వద్దన్న పక్షం. "పద్దెనిమిదేళ్ళవాడి చేతికి తుపాకి ఇచ్చి సరిహద్దుకు పంపే దేశం, స్టీరింగు ఇవ్వడానికి వణకడమా?" అని బల్ల గుద్దాను. బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు అయ్యవారి ఒళ్ళో పడింది. చప్పట్లు నా వాదనకు కొట్టారో గ్లాసుకు కొట్టారో తెలియదు గాని, మొదటి బహుమతి నాకే వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ ఊపులోనే ఆళ్ళగడ్డ పక్కనున్న మా ఊరికి వచ్చాను. అవి పార్వేట రోజులు. అహోబిలం నరసింహస్వామి తన పెళ్ళికి అందరినీ పిలవడానికి పల్లకీలో ఊరూరా తిరిగే కాలం. స్వామి మా ఊరికి ఇంకా రానేలేదు, చుట్టాలు మాత్రం ముందే దిగారు. మిద్దె మీదా, వసారాలోనూ ఎక్కడ చూసినా పడకలే. ఇంటి యజమాని అయిన మా నాయన ఎక్కడ పడుకుంటున్నాడో కూడా ఎవరూ పట్టించుకోలేదు. నేనసలే పట్టించుకోలేదు.

మాకొక జీపు ఉండేది. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు అమ్మేస్తే నాయన కొన్న అమెరికా బండి. దాని స్టీరింగు ఎడమపక్కన ఉంటుంది. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయాను. కల్లంలో నాయన పక్కన కూర్చుని దాన్ని గుండ్రంగా తిప్పడం నాకు వచ్చు. అదే మహావిద్య అనుకునేవాణ్ణి.

రాత్రి సంగటి ముందు కూర్చుని నా ఉపన్యాసం మళ్ళీ మొదలుపెట్టాను.

"ఎద్దులబండి నేను పదేండ్లకే తోల్లేదా నాయనా? జీపుకు పద్దెనిమిదైనా ఎక్కువే."

"ఎద్దుకు తెలివుంటాది రా," అన్నాడు నాయన. "నువ్వు నిద్దరపోయినా ఇంటికి తెస్తాది. జీపుకు తెలివి యాడుంది? తోలేటోనికన్నా ఉండల్ల గదా! నన్నడిగితే ఇరవై అయిదు గాదు, ముప్పై పెట్టల్ల."

నాయన తల్లి, అంటే మా జేజి, నశ్యం పీల్చి నా పక్షం చేరింది. "ఏందప్పా నువ్వు చెప్పేది? నీకు పదహారేండ్లకే పెండ్లి జేస్తిమి. సంసారం తోలేదానికి లేని వయసు జీపు తోలేదానికి యాడ్నుంచి వచ్చె?"

"ఆ పొద్దు నన్నెవురన్నా అడిగింటే వద్దనే చెప్పింటా," అన్నాడు నాయన. వంటింట్లో మా అమ్మ గిన్నెను నేలకేసి గట్టిగా పెట్టింది.

నాయన గొంతు తగ్గించి తీర్పు చెప్పాడు. "చూడు. పద్దెనిమిది నిండుతానే కర్నూలుకు తోడుకోనిపోయి లైసెన్సు ఇప్పిస్తా. అంతలోపల దాని మీద చెయ్యి పడిందా, ఇరవై అయిదేండ్లు నిండేదాకా ముట్టనియ్యను. మనింట్లో ఇదే చట్టం."

"నా నశ్యం గూడా అయిపాయె," అంది జేజి, డబ్బీ తిరగేసి చూపిస్తూ.

నాకు ఆ డబ్బీలోనే దారి కనిపించింది. తెల్లారేలోపల జీపులో ఆళ్ళగడ్డ వెళ్ళి, బస్టాండు దగ్గర బంకులో నశ్యం కొని, నాయన లేచేసరికి జేజి చేతిలో పెట్టానంటే ఇక వాదించడానికి ఏముంటుంది? పట్టుబడితే ఇరవై అయిదేళ్ళదాకా స్టీరింగు ఉండదు. పట్టుబడితే కదా!

కోడి కూయకముందే కల్లానికి వెళ్ళాను. నల్లమల నుంచి దిగిన మంచు ఊరంతా కమ్ముకుని ఉంది. జీపు ఎక్కడుందో చేత్తో తడిమి తెలుసుకున్నాను. వెనక సీటు మీద నల్లటి గొంగడి కుప్పగా ఉంది. కింద జొన్న మూటలు ఉంటాయనుకున్నాను. చలికి నేనూ తలదాకా దుప్పటి కప్పుకుని, సీట్లో కుదించుకుని కూర్చుని బండి కదిలించాను.

రోడ్డెక్కేదాకా బాగానే ఉంది. జీపు ముందు దీపాల్లో ఒకటే వెలిగింది. ఆ వెలుగులో మంచు తప్ప ఏమీ లేదు. ఇంజను చప్పుడు కూడా మంచులోకి ఇంకిపోయినట్టు దూరంగా వినిపిస్తోంది. అంతలో ముందు చక్రం గుంతలో పడి లేచింది. వెనక నుంచి ఎవరో సన్నగా మూలిగారు.

మూటలు మూలుగుతాయా? మీరే చెప్పండి.

వెనక్కి చూద్దామనుకున్నాను. కాని మంచులో వెనక నుంచి ఏదైనా వినబడితే తిరిగి చూడొద్దని, చూస్తే అది మన ముఖం పెట్టుకుంటుందని జేజి చిన్నప్పుడు చెప్పింది. వెనక ఏముందో చూపించే అద్దం ఎప్పుడో ఊడిపోయింది. నాకు తెలిసిన ఉపాయం ఒకటే, ఇంకా గట్టిగా తొక్కాను.

ఎదురుగా ఒక గొర్రెల కాపరి కనిపించాడు. జీపు దగ్గరికి రాగానే కుడిపక్క సీటు వైపు చూశాడు. తర్వాత వెనక్కి చూశాడు. చేతికర్ర జారిపోయింది. "ఓరి దేవుడో! ఎనక లేస్తాండాది! ఎనక!" అని అరుస్తూ శనగచేలో పడి పరిగెత్తాడు. గొర్రెలు అతనికంటే ముందు పోయాయి.

నేను సీట్లో ఇంకా కిందికి జారాను. ఇప్పుడు వెనక నుంచి మూలుగు కాదు, గొణుగుడు వినిపిస్తోంది. చెవి పెట్టి విన్నాను. "నరసింహా... నరసింహా..." దయ్యం దేవుడి పేరు తలుచుకోదు కదా అని కొంచెం ధైర్యం వచ్చింది. మరి తలుచుకుంటున్నది ఎవరు అనుకోగానే ఆ కొంచెమూ పోయింది.

దారిలో ఒక చిన్న పల్లె. ఆ తెల్లవారుజామున వాళ్ళ ఊరికి స్వామి పల్లకీ రావాలి. ఆడవాళ్ళు, మగవాళ్ళు పళ్ళేలలో హారతులు పెట్టుకుని రోడ్డు పక్కన ఎదురుచూస్తున్నారు. మంచులో ఆ చిన్న చిన్న మంటలు తప్ప మనుషులు కనిపించలేదు. గాలిలో దీపాలు వరసగా తేలుతున్నట్టుంది. నేను చేరువయ్యేసరికి తప్పెట ఒక్కసారి మోగి ఆగిపోయింది.

"స్వామే!" అని ఒక ముసలాయన గొంతు. "ఈయేడు జీపులో వచ్చినాడు!"

"స్వామి గాదు తాతా, పరిగెత్తు! జీపులో తోలేటోడే లేడు!"

ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. తోలేవాడు లేడట! మరి నేనెవర్ని? ఒక చెయ్యి తీసి నన్ను నేను తడుముకున్నాను. చెయ్యి మొద్దుబారి ఉంది, దేన్నీ తాకినట్టే అనిపించలేదు. అప్పుడు నాకు విషయం అర్థమైంది. ఆ గుంతలో పడ్డప్పుడే నేను చచ్చిపోయాను. శరీరం అక్కడే ఉంది, నేను మాత్రం స్టీరింగు వదలకుండా వచ్చేశాను. లైసెన్సు లేకుండానే పైకి పోతున్నాను.

చచ్చినవాడు బ్రేకు తొక్కాలని ఎవరికి తోస్తుంది? దీపాలు చెల్లాచెదురయ్యాయి. జీపు రోడ్డు దిగి, జొన్నచొప్ప వామిలో సగందాకా దూరి, దగ్గి, ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చుట్టూ నిశ్శబ్దం. చొప్ప మాత్రం మెల్లగా నా మీద రాలుతోంది.

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి ఒక చల్లటి చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది.

"ఆగిందా...?" అంది ఒక గొంతు.

నంద్యాలలో మొదటి బహుమతి కొట్టిన నోరు, కళ్ళు మూసుకుని ఇలా పలికింది: "స్వామీ, నన్నిడిసిపెట్టు! నాకేం తెలీదు స్వామీ, నేనింకా పిల్లోన్ని! నాకు పద్దెనిమిది గూడా నిండలే!"

ఆ చెయ్యి భుజం మీంచి జరిగి నా చెవి పట్టుకుంది.

"అదే గదరా," అంది ఆ గొంతు, "రాత్రి నుంచి నేను చెప్తాండేది."

కళ్ళు తెరిచి, జేజి మాట కాదని వెనక్కి తిరిగాను. గొంగడిలో నుంచి మా నాయన తల. మీసాలనిండా చొప్ప. పడుకోవడానికి ఇంట్లో చోటు లేక ఆయన జీపులోనే పడుకున్నాడట. బండి కదలగానే మెలకువ వచ్చిందట. వీడు ఎందాకా పోతాడో చూసి పట్టుకుందామని ఊరుకున్నాడట. గుంత దాటాక ఆపమని అరుద్దామన్నా గొంతు పెగల్లేదట. ఆ తర్వాత స్వామిని తలుచుకోవడం తప్ప ఏమీ చేతకాలేదట.

పల్లెవాళ్ళు కర్రలు పట్టుకుని ఒక్కొక్కరే చేరారు. "తోలినోడు యాడ?" అని కుడిపక్క సీటు తడిమి చూశారు. వాళ్ళు చూసిన బస్సుల్లో, లారీల్లో డ్రైవరు అక్కడే ఉంటాడు మరి. ఎడమపక్క దుప్పటి కింద వణుకుతున్న ముద్దే డ్రైవరని, నాతో ఆ రెండు మాటలు అనేసరికి ఉన్న గొంతూ పోయిన నాయన సైగలతో చూపించాడు. ముసలాయన మాత్రం ఒప్పుకోలేదు. "ఈ పిల్లోడా? ఈనికి తోలేదానికి చాతనైతాదా? స్వామే తోలినాడు," అని తెచ్చిన హారతి జీపుకే ఇచ్చాడు. నాయన కళ్ళకు అద్దుకున్నాడు. నా సిగ్గు చెప్పనలవి కాదు.

ఎద్దులే మా జీపును వామిలో నుంచి లాగి, రోడ్డెక్కించి, తెలివిగా ఇంటికి చేర్చాయి. గడపలో జేజి నిలబడి ఉంది. "నశ్యం యాడ్రా?" అంది.

సాయంత్రానికి నాయనకు గొంతు వచ్చింది. "తోలేటోనికి ఇరవై అయిదు. ఎనక పండుకునేటోనికి ఎంత పెట్టల్లనో ఇంగా ఆలోచిస్తాండా," అన్నాడు. మాట తప్పే మనిషి కాదు. నా లైసెన్సు ఇరవై అయిదు నిండిన తర్వాతే వచ్చింది.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఏ బండి ఎక్కినా ముందు వెనక సీటు చూసుకుని, "నాయనా, ఉండావా?" అని అడిగిగాని కదిలించను. జవాబు రాదు. రాకపోతే కొంచెం ధైర్యంగా ఉంటుంది, కొంచెం బాధగానూ ఉంటుంది. ఇకమీదట అడగకుండా ఏ బండినీ కదిలించనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఏ మంచు రోజునో "ఉండా, పోనీ" అని వెనక నుంచి వినబడితే మాత్రం, తాళంచెవి సీట్లోనే పెట్టి ఇంటికి నడిచి వస్తాను. ఎంతైనా ఆయనకు ముప్పై ఎప్పుడో నిండింది, ఆయనే తోలుకొస్తాడు.