ఇరవై ఒక్క దినాల చేపల కాపలా

కరోనా సద్దుమణిగిన మరుసటి చలికాలంలో నేను బంగారుపేటలో మత్స్య శాఖ సహాయ సంచాలకురాలిగా ఉన్నాను. నా ఉద్యోగంలో అదే చివరి పోస్టింగు. సహాయ సంచాలకులంటే తాలూకాలో ఆ శాఖకు పెద్ద దిక్కు అన్నమాట. చెరువుల పనులు, చేపపిల్లల పంపిణీ, సంఘాల తనిఖీ అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. మా జిల్లా చెరువులు నిండిన ఏళ్ళకంటే ఎండిన ఏళ్ళే ఎక్కువ కాబట్టి, ఇళ్ళలో గాజు తొట్లలో రంగు చేపలు పెంచే ఆడవాళ్ళకు సలహాలివ్వడం కూడా మా పనుల్లో చేరింది. ఆ పనిమీదే కేజీఎఫ్ బంగారు గనుల ఊళ్ళో, చాంపియన్ రీఫ్స్‌లో ఉండే సరోజ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను.

సరోజకు అప్పుడు నలభై దాటి ఉంటాయి. అంతకుముందు చాలా ఏళ్ళు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, బట్టల ఫ్యాక్టరీలో కుట్టి, చీకటి పడ్డాక ఇల్లు చేరేది. అప్పటికి నాలుగేళ్ళ ముందు ఆ రైలు మానేసి, గని కార్మికుల వరుస ఇళ్ళ లైన్లలో తమ ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి ఏంజెల్ చేపలు పెంచడం మొదలుపెట్టింది. పలుచని ఒళ్ళు, పొడుగాటి రెక్కలు ఉండే అందమైన చేప అది. ఆమె ఆస్తి అంతా పద్ధెనిమిది తల్లి చేపలు. పిల్లలను పెట్టే ఆడ, మగ జతలను కలిపి మా వాళ్ళు తల్లి చేపలంటారు. చలికి అవి గుడ్లు పెట్టడం ఆపితే అన్నిటినీ ఒకే పెద్ద తొట్టిలో విశ్రాంతికి వదిలేది. అవి పోతే మళ్ళీ రైలే గతి అని నవ్వుతూనే అనేది కానీ, ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఒకే కుటుంబపు చేపలను తరతరాలు జత కడితే పిల్లలు గూనివి పుడతాయి. అందుకని చెన్నై వైపు నుంచి పన్నెండు కొత్త ఏంజెల్స్ తెప్పించమని నేనే చెప్పాను. తెప్పించినవాటిని నేరుగా తల్లి చేపల్లో కలపకూడదని కూడా చెప్పాను. కొత్త చేప ఎంత నిగనిగలాడుతున్నా, చర్మం కిందా మొప్పల్లోనూ ఏ పురుగును మోసుకొస్తుందో తెలియదు. మన కంటికి కనిపించే లోగా అది పక్క చేపకు అంటుకుంటుంది. కాబట్టి విడిగా ఒక తొట్టి పెట్టాలి. అందులో ఇసుక, రాళ్ళు ఉండకూడదు. దాని వల, దాని బక్కెట్టు వేరు. ముందు పాత చేపల పని చూసుకుని, చివర్లోనే కొత్తవాటి దగ్గరికి పోవాలి. మొప్ప పురుగులకు రెండో రోజున ఒక మోతాదు మందు, వారం తరువాత మరొకటి. మొదటి మందుకు చావని గుడ్లు పిల్లలయ్యేది ఆ వారంలోనే. ఇలా ఇరవై ఒక్క రోజులు. ఎండ ఊళ్ళలో అంత అక్కర్లేదని వాదించేవాళ్ళున్నారు. మా కేజీఎఫ్ చలికి పురుగు కూడా మెల్లగానే పెరుగుతుంది, మెల్లగానే బయటపడుతుంది.

దీన్ని క్వారంటైన్ అంటారు. ఆ మాట వినీ వినీ జనం విసిగిపోయి ఉన్న కాలమది. సరోజ తండ్రి మునెప్పను ఆ మధ్యనే పద్నాలుగు రోజులు ఒక బడిలో ఉంచి పంపారు. ఆ పేరు ఎత్తితే ఆయన మొహం మాడ్చుకునేవాడు. నేను తెలివి చూపించబోయి, ఆయనతో క్వారంటైన్ అనకుండా, "ఇరవై ఒక్క దినాలు కాపలా ఉండాలప్పా, దినానికొక గీత గీసి, చూసింది రాయాలి" అని ఒక నోటుపుస్తకం చేతికిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

మునెప్ప బ్యాంక్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. షాఫ్టు అనే గని బావి నోటి దగ్గర నిలబడి, కేజీ అనే ఇనుప బోనులో కిందికి దిగేవాళ్ళను, పైకి వచ్చేవాళ్ళను లెక్కపెట్టి గంట కొట్టడం బ్యాంక్స్‌మన్ పని. లెక్క తప్పితే కింద ఒక మనిషి ఉండిపోయినట్టే. అలాంటి వ్యక్తి కాపలాకు దొరికాడు, ఇక నిశ్చింత అనుకున్నాను. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు చేపలు వచ్చాయి. మర్నాడు నేనే వెళ్ళి మొదటి మోతాదు వేశాను. శుక్రవారం సరోజ లక్కూరులో మేనత్త ఇంటి గృహప్రవేశానికి పోయింది.

ఆ పై బుధవారం, ఒక రోజు ఆలస్యంగా, రెండో మోతాదు పట్టుకుని వెళ్ళాను. విడి తొట్టి శుభ్రంగా కడిగి, ఎండలో బోర్లించి ఉంది. పన్నెండు కొత్త చేపలూ పెద్ద తొట్టిలో, తల్లి చేపల నడుమ చుట్టాల్లా తిరుగుతున్నాయి. మునెప్ప నవ్వుతూ ఎదురొచ్చి, "ఇరవై ఒక్క దినాలు ఐపోయినాయి మేడం. మొన్న సోమారం మద్యాన్నమే లోపలికి దింపినాను. పన్నెండుకు పన్నెండూ ఉండాయి" అన్నాడు.

నాకు నోటి దురుసు ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ రోజు అది మునెప్పకూ తెలిసింది. ఏడు రోజుల్లో ఇరవై ఒక్క దినాలు ఎట్లా అయినాయని గట్టిగానే అడిగాను. ఆయన పుస్తకం తెచ్చి తెరిచాడు. ఇరవై ఒక్క గీతలు, ఒక్కటి కూడా వంకర లేదు. ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఆయన, రెండు నుంచి రాత్రి పది దాకా ఆయన భార్య నాగమ్మ, పది నుంచి ఆరు దాకా సరోజ. షిఫ్టుకొక గీత. సరోజ ఊరెళ్ళాక ఆయనే డబుల్ షిఫ్టు చేశాడు.

"గనిలో ఒక షిఫ్టు దిగితే ఒక దినం మేడం. డబుల్ చేస్తే రెండు దినాలు. కాపలా అంటిరి కదా మీరు, కాపలా అంటే షిఫ్టే" అన్నాడు. మళ్ళీ తనే, "ఎన్ని దినాలో చెప్పినారు. ఎవురి దినమో చెప్పలేదు" అన్నాడు.

ఎవరు తవ్విన గోతిలో వారే పడతారంటారు. గని ఊళ్ళో ఆ మాట మరీ బాగా అతుకుతుంది. కోపం తగ్గాక కూర్చుని పుస్తకం మొదటి నుంచి చదివాను. పద్ధెనిమిది గీతల దాకా "పన్నెండు. బాగుండాయి" అనే ఉంది. పంతొమ్మిదో గీత దగ్గర ఇంకో వాక్యం కనిపించింది: "ఒకటి గాలి గొట్టానికి ఒళ్ళు రుద్దుకుంటా ఉండాది." చేప ఒళ్ళు రుద్దుకుంటే దురద. దురద అంటే పురుగు. టార్చి వేసి చూస్తే, ఒక కొత్త చేప తోక మీద ఉప్పురవ్వంత తెల్ల చుక్కలు రెండు ఉన్నాయి. తెల్లచుక్క జబ్బు.

ఇప్పుడు కొత్తవాటిని పట్టి విడదీసినా లాభం లేదు, ఆ పురుగు నీళ్ళలో పడిపోయింది. పెద్ద తొట్టినే విడి తొట్టి అనుకోవాలి. ఆ సాయంత్రం సరోజ బస్సు దిగి వచ్చేసరికి నేను ఇసుకంతా తోడించేసి, కల్లుప్పు కొలిచి వేయించి, పక్కిళ్ళలో హీటర్లు అడిగి తెప్పించాను. చేప ఒంటి మీద ఉన్నంతసేపు ఆ పురుగుకు ఏ మందూ తగలదు. పొక్కు పగిలి అడుక్కు రాలి, అక్కడ వందల పిల్లలై మళ్ళీ చేపను వెతుక్కునే లోపలే దాన్ని పట్టుకోవాలి. వేడి పెంచితే ఆ తిరుగుడు త్వరగా అవుతుంది. అంతా విన్నాక సరోజ తండ్రిని ఒక్క మాట అనలేదు. నన్ను మాత్రం ఒకటడిగింది: "నా తల్లి చేపలు బతుకుతాయా మేడం? ఉన్నది చెప్పండి." సగం సగం అని ఉన్నదే చెప్పాను.

మూడో రోజుకు తల్లి చేపల్లో ఏడింటికి చుక్కలు లేచాయి. సరోజ మొహం చూడలేకపోయాను. మా ఆఫీసు పుస్తకం ప్రకారం అడుగు నీళ్ళు రోజుకొకసారి సైఫన్ గొట్టంతో లాగేయాలి. మునెప్పను పిలిచి, "అప్పా, ఇప్పుడు మీ దినమే నాకు కావాల. షిఫ్టుకొకసారి అడుగు లాగండి" అన్నాను. ఆయన మొహం వెలిగింది. ఆరింటికి, రెండింటికి, పదింటికి ఇంట్లో ఇత్తడి గంట మోగేది. గంట మోగితే గొట్టం దిగేది, లాగినంత నీరు గోరువెచ్చగా మళ్ళీ పోసేవారు. నాగమ్మ నీళ్ళు కాచీ కాచీ, "గనిలో ఉండంగ ఆయప్ప ఒక్కడే షిఫ్టు చేసె, ఇంగ ఇప్పుడు నాకూ తగిలించినారు" అని నాతో మొర పెట్టుకునేది. అయినా ఒక్క షిఫ్టూ తప్పలేదు.

ఎనిమిదో రోజున కొత్తవాటిలో రెండు చనిపోయాయి. పదకొండో రోజుకు చుక్కలు తగ్గుముఖం పట్టాయి. పదిహేనో రోజున ఒక్క చుక్క లేదు. అక్కడ ఆపేద్దామా అని సరోజ అడిగితే, నేను నోరు తెరవకముందే మునెప్ప, "కింద ఒక మనిషి ఉండిపోయినా కేజీ నిలపకూడదు" అన్నాడు. కొనసాగించాం.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది. అరవై మూడో గీత గీసినాను, మా దినాలు అరవై మూడు, మీ దినాలు ఇరవై ఒకటి, సరిపోయిందా అని అడిగాడు. సరిపోయిందన్నాను. తల్లి చేపలు పద్ధెనిమిదికి పద్ధెనిమిదీ బాగుండాయని, అందులో ఒక జత వెచ్చదనానికి ఎండాకాలం వచ్చిందనుకున్నదో ఏమో, సైఫన్ గొట్టానికి గుడ్లు అంటించిందని చెప్పాడు. లెక్క ముగిసినా ఆపకుండా, రెండు గంటల షిఫ్టుకు ఇంకో గొట్టం యాడనుంచి తేవాలో చెప్పమన్నాడు. ఫోను పెట్టేసి, నా వయసు మరిచి గట్టిగా నవ్వాను. మా గుమాస్తా తలుపు దగ్గరకొచ్చి చూసిపోయాడు.

ఆ పన్నెండింటిలో మిగిలిన పది చేపల సంతానం ఇప్పుడు ఆ వీధిలో నాలుగిళ్ళలో ఉంది. సరోజ మళ్ళీ రైలెక్కలేదు.

రిటైరయ్యేలోగా మా తాలూకాలో ఇచ్చే కొత్త చేపల కాపలా పత్రాన్ని నేను మార్చి రాయించాను. ఇరవై ఒక్క గళ్ళ స్థానంలో అరవై మూడు గళ్ళు పెట్టించి, ఒక్కో గడి పైన ఆరు, రెండు, పది అని షిఫ్టు వేళలు వేయించాను. మందు మోతాదు గ్రాముల్లో చెబుతాం, నీళ్ళు లీటర్లలో చెబుతాం. రోజు మాత్రం అందరికీ ఒకటే అనుకుంటాం. వినేవాడు దేనితో లెక్కపెడతాడో ముందు అడగాలి, ఆ తరువాతే అంకె చెప్పాలి. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఈ సంగతి నాకు తెలిసింది చివరి పోస్టింగులో, ఒక బ్యాంక్స్‌మన్ పుస్తకం చదివాక.