మామ పేరు పెట్టుకున్న పిల్లోడు

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు మా డిపార్ట్‌మెంటుకు ఒక ప్రాజెక్టు వచ్చింది. చిన్నపిల్లల్లో ఆటిజం, ధ్యాస నిలవకపోవడం, ఈ రెండింటినీ బడిలో చేరకముందే గుర్తుపట్టాల. తిరుపతిలో ఫ్యాను కింద కూర్చునే ప్రొఫెసరుగారు ప్రధాన పరిశోధకుడు, నేను సీనియర్ రీసెర్చ్ ఆఫీసర్ని. అంటే కాగితం మీద ఆయన పేరు ముందుంటుంది, వడమాలపేట క్యాంపులో ఎండకు నేనుంటాను.

మా పరీక్షలో మొదటి అంశం పేరుకు పలకడం. బిడ్డ ఆడుకుంటూ ఉంటే వెనక నిలబడి, తాకకుండా, మామూలు గొంతుతో మూడుసార్లు పేరు పెట్టి పిలవాల. ఒక్కసారి తిరిగినా మార్కు, తిరక్కపోతే సున్నా. సున్నా వచ్చిన పిల్లలకు స్పీచ్ థెరపీ దండగ, బొమ్మల కార్డులు చాలునని రూలు. ఇంత తెలివైన రూలు ఎవరు రాసినారంటారా? నేనే.

నగరి నుంచి కుమారి అనే ఆమె నాలుగేళ్ల కొడుకును తీసుకొచ్చింది. ఇంట్లో మరమగ్గాలు నడుపుతారు. బిడ్డకు ఇంకా మాట రాలేదు. ఆ స్పీచ్ థెరపీ కోసమే ఆమె వచ్చింది. వాడు ఖాళీ దారం కండెలు వరుసగా పేర్చుకుంటూ కూర్చున్నాడు. "మునిరత్నం" అని మూడుసార్లు పిలిచినాను. గోడను పిలిచినట్టే ఉండాది. సున్నా వేసి, సంతకం పెట్టి, రిపోర్టు చేతికిచ్చి పంపించినాను.

వారం తిరక్కముందే మళ్లీ వచ్చింది, ఈసారి అత్తను వెంటబెట్టుకుని.

"మేడమ్, మీ కాగితంలో తప్పుండాది. మావాడు పలుకుతాడు," అనింది.

తల్లి ఆశ, ఏం చేస్తాంలే అనుకున్నాను. అన్నేళ్ల సర్వీసుకు నాకు కొమ్ములు బాగానే మొలిచినాయి. సరే, పిలువమ్మా అన్నాను.

ఆమె వాడి వెనక నిలబడి "పెద్దాయనా!" అనింది. వాడు టక్కున తిరిగినాడు.

నేను నోరెళ్లబెట్టినాను. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మునిరత్నం ఆ అత్త మొగుడి పేరు. మనవడికి తాత పేరు పెట్టినారు. మొగుడి పేరు ఆమె అనదు, మామ పేరు కోడలు అనదు. నాయన పేరు పెట్టి 'ఒరేయ్' అనడానికి కొడుక్కి నోరు రాదు. పుట్టినప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ వాడు పెద్దాయనే. "ఆ పేరు ఆధార్ కార్డులో తప్ప యాడా లేదు మేడమ్. వాడెట్ల పలుకుతాడు?" అనింది ముసలామె.

నా కర్మ! మా మామ పేరు నేను మాత్రం ఏనాడు అన్నాను? తెలియక చేసినానని చెప్పుకోవడానికి కూడా లేదు. సిగ్గుతో సచ్చినంత పనైంది.

పరీక్షంతా మళ్లీ పెట్టినాను. పెద్దాయన మూడుసార్లూ తిరిగినాడు. కానీ కావలసినదాన్ని వేలెత్తి చూపలేదు. నేను వేలు చూపిన వైపు చూడలేదు. కండెల వరుస కొంచెం కదిలిస్తే తల నేలకేసి కొట్టుకున్నాడు. ఆటిజం ఉండాది. నా తప్పు దొరికింది గదా, బిడ్డకు ఏమీ లేదనుకుని ఆ ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. అయినా ఉన్నదున్నట్టు చెప్పినాను.

కుమారి కండ్లు తుడుచుకుంది. "పిలిస్తే తిరుగుతాడు గదా మేడమ్. ఆడ్నుంచి మొదలుపెట్టండి," అనింది.

ప్రొఫెసరుగారు ఒకసారి సున్నా పడితే థెరపీ లేదు, రూలు రూలేనన్నారు. రాసింది నేను సార్, కొట్టేసేదీ నేనే అన్నాను. ఆ సోమవారమే వాడిని స్పీచ్ థెరపీలో చేర్చుకున్నాము. సున్నా పడిన మిగతా పిల్లలందరినీ వెనక్కి పిలిపించి, ఇంట్లో పిలిచే పేర్లతో మళ్లీ పరీక్ష పెట్టినాము.

అంతవరకు మా ఫారంలో 'ఏం రాదు' అనే గడులే ఉండేవి. ప్రతిదాని పక్కన 'ఏం వచ్చు' అని ఇంకొకటి చేర్పించినాను. మొదటి గడి నేనే నింపగలను. రెండోది నింపాలంటే వాళ్లమ్మను అడగాల.